బలవంతుని పొరుగు

వ్యక్తికి విధింపబడిన ధర్మము రాజ్యమునకును విధియేనా? ఇంట అసత్యమాడిన పిల్లవానిని దండించు మనమే, పొరుగుదేశమును మోసగించిన మంత్రిని చతురుడని మెచ్చుకొందుము. కౌటిల్యుని అర్థశాస్త్రము 1909లో మైసూరునందు అచ్చుపడినది మొదలు ఈ ద్వంద్వనీతికి శాస్త్రప్రమాణము కూడ దొరకినది. పొలిమేర కలిసినవాడు సహజశత్రువని, వాని కావలివాడు మిత్రుడని మన రాజనీతిజ్ఞులు తఱచుగా వల్లించుచుందురు.

ఆ సూత్రము సమబలులగు చిన్న రాజుల నడుమ పుట్టినది. జనసంఖ్యయందును, సైన్యమునందును దక్షిణాసియాలోని తక్కిన రాజ్యములన్నిటిని మించిన నేటి భారతదేశమునకు అది చాలునా? బలవంతుడు పొరుగువారిని భయపెట్టి భద్రముగ నుండవలెనా, నమ్మించి భద్రముగ నుండవలెనా యనునదే నా ప్రశ్న.

బంగాళాఖాతములోని సరిహద్దును గూర్చి బంగ్లాదేశము 2009లో మనపై వ్యాజ్యము తెచ్చెను. 2014 జులైలో మధ్యవర్తుల న్యాయసభ, వివాదమునందున్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్ల సముద్రములో 19,467 బంగ్లాదేశమునకు చెందునని తీర్పు చెప్పెను. విశాఖపట్టణమున తూర్పు నౌకాదళమును నిలుపుకొన్న రాజ్యము ఆ తీర్పును శిరసావహించెను. గట్టు తగాదాలో చిన్నకారు రైతునకు ఓడి, మాఱుమాటాడక ఇంటికిబోయిన పెద్ద భూస్వామిని మన పల్లెలలో నెందఱు చూచిరి? రెండేండ్ల తరువాత, 2016లో, దక్షిణ చైనా సముద్రమును గూర్చి ఫిలిప్పీనులకు అనుకూలముగ వచ్చిన తీర్పును చైనా తృణీకరించెను. అప్పుడుగాని మనవారు చేసినది ఎంతటి పనియో లోకమునకు తెలియలేదు. మన పత్రికలు మాత్రము దానిని ఒకనాటి వార్తగ వ్రాసి మఱచినవి.

ఛిట్‌మహలులనబడు భూఖండముల కథ యింకను విచిత్రము. బంగ్లాదేశములో భారతభూమి, దాని నడుమ బంగ్లాదేశభూమి, ఆ నడుమ మరల భారతదేశపు పొలమొకటి! ఇట్టి ఖండములు అటు 111, ఇటు 51. అందలి జనులు ఏబదివేలకు పైబడినవారు. వారికి బడి లేదు, ఆసుపత్రి లేదు, తమ దేశమేదో చూపు కాగితము లేదు. 1974లో ఇందిరాగాంధీ, ముజిబుర్ రహ్మానులు ఒడంబడిక వ్రాసికొనిరి. బంగ్లాదేశము ఆ యేడే దానిని ఆమోదించెను; మన పార్లమెంటునకు నలువదియొక్క సంవత్సరములు పట్టెను. మార్పిడిలో మనకు వచ్చినదానికంటె పోయిన భూమి యెక్కువ. అయినను 2015లో ఆ రాజ్యాంగసవరణకు సభలో వ్యతిరేకముగ నొక్క వోటైనను పడలేదు.

ఆ సంవత్సరముననే నేపాళమున దీనికి విరుద్ధమైన కథ నడచినది. ఏప్రిలు భూకంపమున దాదాపు తొమ్మిదివేలమంది మరణించిన ఆ దేశము సెప్టెంబరులో క్రొత్త రాజ్యాంగమును ప్రకటించెను. మధేశీయులు అసంతృప్తి చెందిరి. మన ప్రభుత్వమునకును అది రుచింపలేదు. సరిహద్దున బండ్లు నిలిచిపోయినవి. వంటగ్యాసునకు, మందులకు జనులు నెలలకొలది అలమటించిరి. అది మధేశీయుల ఆందోళన ఫలమే కాని తాము విధించినది కాదని మనవారనిరి, నేపాళీయులు నమ్మలేదు. 2016 మార్చిలో వారి ప్రధాని బీజింగునకు పోయి చైనాతో సరకు రవాణా ఒప్పందము చేసికొనెను. ఆ హిమాలయమార్గములు ఎంతవఱకు పనికివచ్చునన్నది వేఱు మాట, మనస్సు మఱలినది.

1954లో పంచశీలమును నమ్మిన మనకు 1962లో ఏమి దక్కినదని పాఠకులడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమే. ప్రబలుడగు పొరుగువాడు మాట తప్పినపుడు కావలి లేని సజ్జనత్వము జవానుల ప్రాణములను బలిగొన్నది. కాని తన తలుపునకు గడియ వేసికొనుట వేఱు, పొరుగింటి తలుపునకు బయటినుండి గడియపెట్టుట వేఱు. చైనా చేసినదానికి నేపాళముపై కటువుగ నుండుట ఏ నీతి?

తీస్తానది సంగతి అట్లే యున్నది. 2011లో సిద్ధమైన ఒడంబడిక పశ్చిమబంగాళ ప్రభుత్వపు అభ్యంతరముచే నిలిచిపోయినది. కృష్ణాజలములకై తమలో తాము వాదులాడుకొను తెలుగువారికి ఆ చిక్కు వివరింపనక్కఱలేదు. ఇసుక తేలిన నదిని చూచు రంగపూరు రైతునకు మాత్రము మన రాష్ట్రముల హక్కులతో పనిలేదు. ఎగువ నీరు పట్టుకొన్నవా రెవ్వరో, అదే యాతడెఱుగును.