పాత పేరు, కొత్త కారు: ఒక తాత్త్విక విచారణ

ఉత్పత్తి ఆగిపోయి ఏళ్లు గడిచిన ప్రసిద్ధ కార్ల పేర్లను, వాటితో యంత్రపరంగా ఏ సంబంధమూ లేని సరికొత్త వేగపు కార్లకు తిరిగి పెట్టడం మోటారు వాహన పరిశ్రమలో ఈ శతాబ్దపు ఆరంభం నుంచి స్థిరపడిన ఆచారం. పాంటియాక్ జీటీఓ 2004లో, డాడ్జ్ చాలెంజర్ 2008లో, ఆల్పీన్ ఎ110 2017లో, టొయోటా సుప్రా 2019లో, లాంబోర్గిని కౌంటాష్ 2021లో ఇలాగే తిరిగి వచ్చాయి. తయారుచేసే సంస్థలు దీనిని వారసత్వం అంటాయి, ఎదిరించేవారు పాత కీర్తిని అమ్ముకోవడం అంటారు. అయితే ఈ రెండు పక్షాలూ మూల ప్రశ్నను విచారించకుండానే తీర్పు చెబుతున్నాయి. ఒక వస్తువు గతించి దాని పేరు మాత్రం మిగిలితే, ఆ పేరు మరొక వస్తువుకు ఎప్పుడు న్యాయంగా చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు? పదానికీ అర్థానికీ గల సంబంధాన్ని రెండు వేల ఏళ్లుగా తర్కిస్తూ వచ్చిన భారతీయ దర్శనాలలో ఈ ప్రశ్నకు కావలసిన సామగ్రి అంతా ఉన్నది. కారు ఆ దార్శనికులు ఎరుగని వస్తువే అయినా, ఆవునూ రథాన్నీ ఉదాహరణలుగా తీసుకుని వారు నడిపిన వాదం ఇక్కడికి నేరుగా వర్తిస్తుంది.

ఒక పదాన్ని ఒక వస్తువు విషయంలో వాడటానికి ఆధారమైన కారణాన్ని శాస్త్రకారులు ప్రవృత్తినిమిత్తం అంటారు. ఈ ఆధారాన్ని బట్టి మహాభాష్యంలో పతంజలి శబ్దాలను నాలుగు విధాలుగా విభజించాడు. 'ఆవు' అన్న మాటకు గోత్వమనే జాతి ఆధారం, 'తెల్లనిది' అన్న మాటకు తెలుపు అనే గుణం ఆధారం, 'నడిచేది' అన్న మాటకు నడక అనే క్రియ ఆధారం. నాలుగవది యదృచ్ఛా శబ్దం. పెట్టినవారి ఇష్టం తప్ప వస్తువులో మరే ఆధారమూ లేని పేరు అది, డిత్థుడు వంటి అర్థరహితమైన పేర్లు దానికి శాస్త్రంలో ఉదాహరణలు. పుట్టిన రోజున కారు పేరు సాధారణంగా ఈ నాలుగవ తరగతికే చెందుతుంది. 1962లో వచ్చిన 'ఎ110' ఒక అక్షరమూ మూడు అంకెలూ మాత్రమే, దాని స్థానంలో మరొక సంఖ్య పెట్టి ఉన్నా ఆనాడు ఎవరికీ ఆక్షేపణ ఉండేది కాదు.

కానీ పేరు అక్కడే నిలిచిపోదు. ఫ్రాన్సు ఉత్తర తీరంలోని డియెప్ పట్టణంలో జాఁ రెదెలె నెలకొల్పిన ఆల్పీన్ సంస్థ, కారు మధ్యగా వెన్నెముకలా సాగే ఉక్కు చట్రం మీద ఫైబర్‌గ్లాస్ శరీరాన్ని అమర్చి, చిన్న రెనో ఇంజనుతోనే కొండదారుల్లో తనకంటే బలమైన కార్లను ఓడించింది. 1973లో ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ మొట్టమొదటిసారి జరిగినప్పుడు తయారీదారుల బిరుదు దక్కినది ఆ సంస్థకే. అప్పటికి 'ఎ110' అనగానే తేలికదనమూ, మలుపుల్లో చురుకుదనమూ స్ఫురించే స్థితి వచ్చింది. యదృచ్ఛా శబ్దంగా పుట్టిన పేరు, వస్తువు చేసిన పనుల వల్ల క్రమంగా గుణ శబ్దంగా పరిణమించి, పుట్టుకలో లేని ప్రవృత్తినిమిత్తాన్ని ఆర్జించుకున్నది.

పాత పేర్ల పునరుద్ధరణలోని చిక్కు అంతా ఈ పరిణామంలోనే ఉన్నది. పేరును తిరిగి పెట్టే సంస్థ, చట్టం ముందు నిలబడినప్పుడు ఆ పేరు తన ట్రేడ్‌మార్కు కనుక తన ఇష్టం వచ్చిన వస్తువుకు పెట్టుకుంటానని అంటుంది, అంటే దానిని యదృచ్ఛా శబ్దంగా చూపుతుంది. కొనుగోలుదారు ముందు నిలబడినప్పుడు అదే పేరును గుణ శబ్దంగా పలికి, ఆ గుణానికి వెల కడుతుంది. ఒక అర్థంలో గ్రహించిన మాటను మరొక అర్థంలోకి మళ్లించి వాదంలో గెలవజూడటాన్ని న్యాయదర్శనం ఛలం అన్నది. ఈ వ్యవహారం ఆ దోషానికి చాలా దగ్గరగా ఉన్నది.

తెలుగువారి ఇళ్లలో తాత పేరును మనవడికి పెట్టుకునే ఆచారాన్ని చూపి సంస్థలను సమర్థించవచ్చునని కొందరికి తోచవచ్చు, ఎందుకంటే మనవడు పొట్టివాడైనా పొడుగువాడైనా తాత పేరు అతనికి చెల్లుతుంది. ఈ పోలిక బలమైనదే కానీ అది సంస్థల పక్షాన పలకదు. తాత చేసిన పనులు మనవడు చేశాడని ఏ కుటుంబమూ లోకానికి చెప్పదు, తాత పరపతిని చూపి మనవడి పేర అప్పు తీసుకోదు. పైగా ఆ పేరు మనవడి నెత్తిన ఒక బాధ్యతను పెడుతుంది, తాత పేరు నిలబెట్టమని పెద్దలు అతనికి గుర్తుచేస్తూనే ఉంటారు.

అయితే ఆ బాధ్యత దేనిని నిలపడంలో ఉన్నది? న్యాయసూత్రాల రెండవ అధ్యాయంలో గౌతముడు పదానికి అర్థం వ్యక్తా, ఆకృతా, జాతా అని చర్చించాడు. వ్యక్తి అంటే ఎదుట ఉన్న ఒక్క వస్తువు, ఆకృతి అంటే దాని అవయవాల అమరిక, జాతి అంటే ఆ రకపు వస్తువులన్నిటిలో సమానంగా ఉండి వాటిని ఆ రకంగా నిలబెట్టే ధర్మం. వ్యక్తీ ఆకృతీ ఉంటే చాలునన్న పక్షానికి సమాధానంగా ఆయన మట్టి ఆవును ముందుకు తెచ్చాడు. కొమ్ములూ గంగడోలూ తోకా అన్నీ సరిగ్గా తీర్చి ఉన్నా, యజ్ఞంలో ఆవుకు ప్రోక్షణ చేయమంటే మట్టి ఆవు మీద ఎవరూ నీళ్లు చల్లరు, దానిలో గోత్వం లేదు కనుక. చివరకు మూడూ కలిసే పదానికి అర్థమవుతాయని గౌతముడు నిర్ణయించాడు గాని, ఆకృతి ఒక్కటే పేరును మోయలేదన్న విషయం అక్కడ తేలిపోయింది.

ఈ కొలతతో చూస్తే 2021 నాటి కౌంటాష్ మట్టి ఆవే. 1971లో తొలి నమూనాగా లోకానికి కనిపించిన కౌంటాష్‌ను గీసిన మార్చెల్లో గాండీని, అంతకు ముందున్న ఏ స్పోర్ట్స్ కారునూ పోలని ఆకారాన్ని తీసుకొచ్చాడు. పూర్వరూపాన్ని దేనినీ అనుకరించకపోవడమే ఆ కారు జాతి. యాభై ఏళ్ల తరువాత 112 కార్లకు మాత్రమే పరిమితం చేసి విడుదల చేసిన కొత్తది ఆ ఆకారాన్ని తలపించడానికే పుట్టింది, కనుక అది తన పేరుకు ఎంత దగ్గరగా గీయబడిందో ఆ పేరు అర్థానికి అంత దూరమైంది. దానితో తనకు ఏ ప్రమేయమూ లేదని గాండీని బహిరంగంగా ప్రకటించడం ఇక్కడ గమనించదగినది. వేగపు కారు కాకపోయినా, 1991లో మొదట వచ్చి 2025లో తిరిగి వచ్చిన టాటా సియెరా విషయంలోనూ పాత కారు వెనుక పక్క అద్దాల ఒంపును తలపించడమే ప్రధానమైన గుర్తుగా నిలవడం భారతీయ పాఠకులు ఎరిగినదే.

డాడ్జ్ చార్జర్ డేటోనా మరింత దగ్గరగా పరిశీలించదగినది. 1969లో దానిని అమెరికాలోని నాస్కార్ స్టాక్ కార్ పందేలలో, అంటే అమ్మకానికి ఉన్న కార్లను మార్చి నడిపే పందేలలో, గెలవడం కోసమే తయారుచేశారు. కోసుగా ముందుకు సాగిన ముక్కు, వెనుక దాదాపు రెండు అడుగుల ఎత్తున నిలిచి గాలి ఒత్తిడితో చక్రాలను నేలకు అదిమే రెక్క, ఈ రెండూ అలంకారాలు కావు. గాలిని చీల్చడానికీ, ఆ వేగంలో కారు నేలను వదలకుండా ఉండటానికీ అమర్చినవి. 1970 మార్చిలో అలబామాలోని టాలడేగా ట్రాక్ మీద బడ్డీ బేకర్ ఆ కారుతో గంటకు 200 మైళ్ల వేగాన్ని దాటాడు, నాస్కార్ ట్రాక్ మీద ఆ హద్దును దాటడం అదే మొదలు.

2024లో ఆ పేరు విద్యుత్తుతో నడిచే చార్జర్‌కు వచ్చింది. దాని పై తరగతి కారు శక్తి 670 హార్స్‌పవర్, బరువు రెండున్నర టన్నులకు పైన. బానెట్ ముందు అంచున గాలి దూరిపోయే ఒక రెక్కను అమర్చి పాత కారును స్మరించారు, అది గౌరవించదగిన పనే. అయితే విద్యుత్ మోటారుకు లేని శబ్దాన్ని పుట్టించడానికి కారు వెనుక భాగంలో ఒక ధ్వని పేటికను కూడా అమర్చి, పెట్రోలు మండే పెద్ద ఇంజను గర్జనను దాని ద్వారా వినిపించారు. వేదాంతులు ఒక వస్తువు స్వరూపంలో చేరిన లక్షణాన్నీ, బయట నిలిచి గుర్తుగా మాత్రమే పనికివచ్చే తటస్థ లక్షణాన్నీ వేరుచేసి, రెండవదానికి దేవదత్తుడి ఇంటి మీద వాలిన కాకిని ఉదాహరణగా చూపుతారు. కాకిని చూపి ఇంటిని గుర్తుపట్టించవచ్చు గాని కాకి ఇంటిలో భాగం కాదు. పాత చార్జర్‌కు శబ్దం ఆ కాకి వంటిది. ఇంధనం మండినందువల్ల అది పుట్టింది గాని, శబ్దం కోసం ఎవరూ ఆ ఇంజనును తయారుచేయలేదు. ఇల్లు పూర్తిగా మారిపోయిన తరువాత కాకిని తెచ్చి కప్పు మీద కట్టివేయడం చూసేవారి స్మృతిని గౌరవించడం కాదు, దానిని తప్పుదారి పట్టించడం. నిశ్శబ్దంగానే అంత వేగం అందుకోగల యంత్రానికి దాని స్వభావానికి తగిన పేరు పెట్టి ఉంటే, ఆ పేరు కూడా కాలక్రమంలో తన గుణాన్ని తాను ఆర్జించుకునేది.

మరి ఏ పునరుద్ధరణ చెల్లుతుంది? అద్వైతులు 'ఆ దేవదత్తుడే ఈ దేవదత్తుడు' అన్న వాక్యాన్ని విచారించి, ఎన్నడో ఎక్కడో చూసిన మనిషీ, నేడు ఇక్కడ ఉన్న మనిషీ ఒకరే ఎలా అవుతారన్న ప్రశ్నకు భాగత్యాగ లక్షణ అనే పద్ధతిలో సమాధానం చెప్పారు. దేశం, కాలం, అవస్థ వంటి పరస్పర విరుద్ధమైన అంశాలను రెండు వైపులా వదిలివేసి, విరోధం లేక మిగిలినదానిని గ్రహించాలని దాని తాత్పర్యం. 2017 నాటి ఎ110ను పాతదాని పక్కన నిలిపి ఇదే చేయవచ్చు. పాతదానికి ఇంజను వెనుక చక్రాలకు వెనుక ఉండేది, కొత్తదానికి వాటికి ముందు ఉన్నది. అక్కడ ఉక్కూ ఫైబర్‌గ్లాసూ, ఇక్కడ అల్యూమినియం. వీటన్నిటినీ వదిలివేసిన తరువాత కూడా ఏదో ఒకటి మిగులుతుంది. 252 హార్స్‌పవర్‌తో తృప్తిపడి, బరువును సుమారు 1,100 కిలోలకు మించనీయకుండా, ఇద్దరు మాత్రమే కూర్చునే కారును అదే డియెప్‌లో తయారుచేశారు. కనుక ఈ ప్రత్యభిజ్ఞ, అంటే 'అదే ఇది' అన్న గుర్తింపు, భ్రాంతి కాదు.

2004 నాటి జీటీఓ ఇందుకు విచిత్రమైన ఉదాహరణ. 1964లో పాంటియాక్ చేసినదల్లా ఒక మధ్యతరహా సాధారణ కారులో పెద్ద వీ8 ఇంజనును పెట్టడమే, పేరు కూడా ఫెరారీ నుంచి తీసుకున్నదే. నలభై ఏళ్ల తరువాత ఆస్ట్రేలియాలో తయారైన హోల్డెన్ మొనారోకు ఆ పేరు పెట్టినప్పుడు, సాదాసీదా శరీరంలో బలమైన ఇంజను అన్న జాతి నిలిచే ఉన్నది, పాత ఆకృతి మాత్రం లేదు. రూపం సాదాగా ఉన్నదన్న విమర్శల నడుమ అది 2006తో ఆగిపోయింది. ఆకృతి లేదన్న కారణంతో జాతిని గుర్తించకపోవడం కూడా పొరపాటే. సుప్రాను ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో బీఎండబ్ల్యూ ఇంజనుతో తయారుచేయడాన్ని చాలామంది ఆక్షేపించారు గాని, ముందు భాగాన వరుసగా ఆరు సిలిండర్లూ, వెనుక చక్రాలకు శక్తీ అన్న దాని ధర్మం చెక్కుచెదరలేదు. ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది అక్కడ రెండవ ప్రశ్న.

ఈ వాదమంతటికీ బౌద్ధుల నుంచి ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది. మిళిందపన్హ అనే గ్రంథంలో నాగసేన భిక్షువు మిళింద రాజుతో ఇరుసు రథం కాదనీ, చక్రాలు రథం కాదనీ, వాటికి వేరుగానూ రథం లేదనీ, రథమన్నది ఆ భాగాలను ఆశ్రయించి వాడుకలో ఉన్న పేరు మాత్రమేననీ నిరూపించాడు. జాతి అనేదే లేకపోతే దానిని నిలపడం గానీ కోల్పోవడం గానీ ఎక్కడిది? అయితే ఆ బౌద్ధులే సంతానాన్ని, అంటే ఒక క్షణం తరువాతి క్షణానికి కారణమవుతూ సాగే ప్రవాహాన్ని అంగీకరించారు. మునుపటిదీ తరువాతిదీ ఒకటి కాకపోయినా, పూర్వ కర్మ ఫలం తరువాతిదానికే చెందుతుందని వారు చెప్పారు. జాతిని కాదన్నవారికి కూడా బాధ్యత తప్పలేదన్నమాట.

ఈ సంతానవాదాన్ని ఒక ఉదాహరణతో పరీక్షించవచ్చు. జాగ్వార్ సంస్థ 1963లో తేలికపాటి ఈ-టైప్ పందెపు కార్లకు 18 చట్రపు సంఖ్యలు కేటాయించి 12 మాత్రమే కట్టింది. మిగిలిన ఆరు సంఖ్యలు వాహనాలు లేకుండా అర్ధ శతాబ్దం ఉండిపోయాయి, 2014లో పాత పద్ధతిలో అల్యూమినియంతో ఆ ఆరు కార్లనూ నిర్మించడం మొదలైంది. పేరు ముందు పుట్టి వస్తువు యాభై ఏళ్ల తరువాత వచ్చిన ఈ కార్లు 1963 నాటివా, 2014 నాటివా? సంతానవాదం ప్రకారం అవి పాత పన్నెండే కావు, వాటికి పరాయివీ కావు. నిర్మాణపు తేదీని దాచనంత వరకు ఆ సంఖ్యలను అవి ధరించడంలో దోషం లేదు, కొత్త కౌంటాష్ కంటే వాటి హక్కు ఎన్నో రెట్లు బలమైనది.

పేరు సంస్థ సంపాదించిన ఆస్తి మాత్రమే కాదు. దానికి గుణాన్ని తెచ్చినవారిలో గీసినవారూ, కార్ఖానాలో పోతపోసినవారూ, ప్రాణాలకు తెగించి నడిపినవారూ, దశాబ్దాల పాటు ఆ మాటను స్మరించినవారూ ఉన్నారు. ఆ పేరును తిరిగి తీసుకోవడం వారందరికీ ఋణపడటం, భారతీయ సంప్రదాయంలో ఋణాన్ని తీర్చడానికి నమస్కారం చాలదు, పని చేయాలి. తరువాతి ఎ110 విద్యుత్తుతో నడుస్తుందని ఆల్పీన్ ప్రకటించింది. బ్యాటరీల బరువును మోస్తూ కూడా ఆ కారు తేలికదనాన్ని నిలపగలిగితే, శబ్దం లేకపోయినా ఇంజను లేకపోయినా ఆ పేరు దానికి న్యాయంగా చెల్లుతుంది. నిలపలేకపోతే ఆల్పీన్ దానికి మరొక పేరు పెట్టాలి.