గెలిస్తే మనం, ఓడితే వాళ్ళు

మన తెలుగులో ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషువాడు ‘వుయ్’ అంటాడు, హిందీవాడు ‘హమ్’ అంటాడు, అక్కడితో సరి. మనకు మాత్రం ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఎదుటి మనిషిని గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడితే మేము. అతన్నీ లోపలికి పిలిచి చాప వేస్తే మనం. ఇంత చిన్న మాటలో ఇంత మర్యాద దాచుకున్నాం.

ఫుట్‌బాల్ అభిమాని నోట ఎప్పుడూ వినిపించేది ఈ ‘మనమే’. “నిన్న మనం గెలిచాం”, “రెండో సగంలో మనవాళ్ళు దున్నేశారు” అంటాడు. పదకొండుమంది చెమటోడ్చి పరుగెత్తారు, ఈయన కుర్చీలో కూర్చుని పకోడీలు తిన్నాడు. అయినా గెలిచింది మనమే. పోనీండి, ఆనందంలో వాటా అడిగితే తప్పేముంది? కాని ఓడిన మర్నాడు అదే మనిషిని కదిపి చూడండి. “వాళ్ళకి ఆడ్డం చేతకాదండీ! ఆ కోచ్‌కి బుద్ధుందా? ఆ గోల్‌కీపర్‌ని ఇంకా ఎందుకు మేపుతున్నారు?” రాత్రికి రాత్రి ‘మనం’ కాస్తా ‘వాళ్ళు’ అయిపోతుంది.

ఇదేదో మగవాళ్ళ ఆటల గొడవ, మనకెందుకని పేజీ తిప్పేయకండి. పరీక్ష పాసైతే “నా కొడుకు”, తప్పితే “నీ కొడుకు” కాని ఇళ్ళు ఎన్ని ఉన్నాయో గుండెమీద చెయ్యివేసుకుని చెప్పండి. మైదానంలో జరిగేదీ అదే, వంటింటి గుమ్మంలో జరిగేదీ అదే.

అందుకే నాకొక సందేహం. ఆడనివాడికి ఆడేవాణ్ణి తప్పుపట్టే హక్కు ఉందా? ఉంటే ఎంతవరకు?

హక్కు లేదనడం నాకు న్యాయంగా తోచదు. సాంబారులో ఉప్పు తక్కువైందని చెప్పడానికి సాంబారు పెట్టడం రానక్కర్లేదు, నాలుక ఉంటే చాలు. నా నవలలు చదివి “ఆ నాయికను అలా చంపేశారేమిటండీ” అని నిలదీసిన పాఠకురాలిని “నువ్వో నవల రాసి అప్పుడు మాట్లాడమ్మా” అని నేనంటే బాగుంటుందా? టిక్కెట్టు కొన్నవాడు, ఎండలో నిలబడ్డవాడు, పెళ్ళాం చేత చివాట్లు తిని మ్యాచి చూసినవాడు నాలుగు మాటలు అనుకుంటాడు. ఎవర్ని ముందు ఆడించాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి, కోచ్ ఎక్కడ పొరబడ్డాడు అని గంటలకొద్దీ వాదించుకుంటాడు. ఆ వాదన కూడా ప్రేమే. పట్టనివాడు పోట్లాడడు.

సికింద్రాబాదులో మా దూరపు బంధువు ఒక పెద్దాయన ఉండేవారు. పెదనాన్నా అని పిలిచేదాన్ని. కాఫీ చల్లారిపోతున్నా రహీం సాబ్ ప్రస్తావన వస్తే ఆపేవారు కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదువాడే. మొదట బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు తెచ్చింది. ఆయన కోచ్‌గా భారతదేశం 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇప్పుడు చెబితే పిల్లలు కథ అనుకుంటారు.

ఆయన జీవితంలోంచి ఒక్క రోజు తీసుకుందాం. 1962 సెప్టెంబరు 4, జకార్తా. ఆసియా క్రీడల ఫైనల్. ఎదురుగా దక్షిణ కొరియా. ఆ కొరియాయే మొదటి మ్యాచిలో మనవాళ్ళని రెండు గోల్స్ తేడాతో ఓడించింది. స్టేడియం నిండా జనం. వేరే రాజకీయపు గొడవ వల్ల వాళ్ళందరికీ ఇండియా పేరు చెబితేనే మంట. ఆ రోజు రహీం సాబ్ ఏం చేశాడు? వెనక నిలబడి గోల్ కాపాడే జర్నైల్ సింగ్‌ని ముందుకు పంపాడు. అతనికి అంతకు ముందు ఒక మ్యాచిలో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ కుట్ల తలతోనే ఫార్వర్డుగా ఆడమన్నాడు. ప్రద్యోత్ బర్మన్ ఉండగా, జ్వరంపడి లేచిన పీటర్ తంగరాజ్‌ని గోల్‌లో నిలబెట్టాడు. పి.కె. బెనర్జీ ఒక గోల్ కొట్టాడు, కుట్లు పడ్డ జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు. కొరియాకు ఒకటే దక్కింది. స్వర్ణం మనది. రహీం సాబ్ మహామేధావి!

ఇక్కడే ఆగి ఆలోచించండి. జర్నైల్ తల మళ్ళీ పగిలి ఉంటే? తంగరాజ్ చేతుల్లోంచి బంతి జారి ఉంటే? “దెబ్బతిన్నవాణ్ణి, జ్వరపువాణ్ణి ఆడించాడు, మతి ఉందా వీడికి” అనేవాళ్ళు. నిర్ణయం అదే, మనిషి అతనే, చూపిన వివేకమూ అంతే. మారేదల్లా బంతి వెళ్ళిన దారి.

ఆ రెండో సగం కథ చూడాలంటే 2021 జూలై 11న లండన్ వెంబ్లీ స్టేడియానికి వెళ్ళాలి. యూరో కప్ ఫైనల్. ఇంగ్లండు, ఇటలీ చెరొక గోల్‌తో సమానమై పెనాల్టీల దాకా వచ్చాయి. ఇంగ్లండు మేనేజరు గారెత్ సౌత్‌గేట్ పెనాల్టీలు కొట్టడానికే అని రాష్‌ఫర్డ్‌నీ సాంచోనీ చివరి నిమిషంలో దింపాడు. ఆఖరి పెనాల్టీ పంతొమ్మిదేళ్ళ సాకా చేతిలో, కాదు కాలిలో, పెట్టాడు. ముగ్గురూ తప్పారు. ఆ క్షణం నుంచి ఆయన తెలివితక్కువవాడు. రహీం సాబ్ చేసినట్టే ఆయనా ఆలోచించి, తెగించి చేశాడు. ఫలితం వేరుగా వచ్చింది, బిరుదూ వేరుగా వచ్చింది.

మనమూ ఇంతే కదండీ. పెళ్ళి సంబంధం చూసిన తండ్రి ఎంత విచారించాడో ఎవరూ అడగరు. అల్లుడు మంచివాడైతే “ఎంత ముందుచూపో!” అంటారు. తాగుబోతైతే “కళ్ళు మూసుకుని గొంతుకోశాడు” అంటారు. రెండు ఇళ్ళలోనూ ఆ తండ్రి ఒకే రకంగా పదిమందిని అడిగి ఉండవచ్చు. ఉప్పు రుచి వడ్డించాక తెలుస్తుంది. నిర్ణయం మాత్రం వడ్డించక ముందే తీసుకోవాలి. నిర్ణయాన్ని చూడవలసింది ఆ క్షణంలో ఆ మనిషికి ఏం తెలుసో ఆ వెలుగులో. మర్నాటి పేపరు చేతిలో పట్టుకుని నిన్నటి మనిషికి బుద్ధి చెప్పడం కంటే సులువైన పని లోకంలో ఉందా?

“అయితే ఎవర్నీ ఏమీ అనకూడదా? జీతం తీసుకునేది గెలిపించడానికే కదా!” అని మీరు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. పదిసార్లు ఓడితే కోచ్‌ని మార్చమనవచ్చు, కాలు సాగని ఆటగాణ్ణి పక్కన కూర్చోబెట్టమనవచ్చు. ఉద్యోగం అతనిది కావచ్చుగాని జట్టు అందరిదీ. కాని అతని ఆటను తీసేయడం ఒకటి, అతని మనిషితనాన్ని తీసేయడం ఇంకొకటి. ఈ రెంటి మధ్యా గీత ఉంది. అది చూసుకోనివాళ్ళు ఎంత దూరం పోయారో వినండి.

1950 జూలై 16న బ్రెజిల్‌లో మరకానా స్టేడియం. ప్రపంచ కప్పు. డ్రా చేసుకున్నా బ్రెజిల్‌దే కప్పు. ఉరుగ్వే 2-1తో గెలిచింది. దేశం దేశమంతా గోల్‌కీపర్ బార్బోజా ఒక్కడి మీద పడింది. అత్తమీద కోపం దుత్తమీద చూపడమంటే ఇదే. ముందున్న పదిమందీ ఏమయ్యారో ఎవరికీ పట్టలేదు. 2000లో చనిపోయేదాకా ఆ మచ్చ అతన్ని వదల్లేదు. 1993లో జాతీయ జట్టు శిక్షణ చూడ్డానికి వెళ్తే, అపశకునమని లోపలికి రానివ్వలేదట. తమ దేశంలో ఎంత నేరానికైనా ముప్ఫై ఏళ్ళకు మించి శిక్ష లేదు, తన శిక్ష మాత్రం యాభై ఏళ్ళయినా తీరలేదని ఆయన వాపోయేవాడట.

అపశకునం! ఈ మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. మొగుడు పోయిన ఆడదాన్ని పెళ్ళిపందిట్లోకి రాకుండా వెనకగదిలో కూర్చోబెట్టిన ఊళ్ళు మనవి. ఆవిడ చేసిన తప్పేమిటి? ఆవిడ కళ్ళముందు ఒక దురదృష్టం జరగడమే. బార్బోజా చేసిన తప్పూ దాదాపు అంతే. జరిగినదాన్ని జరిగిన మనిషికి అతికించేసి, ఆ మనిషిని తలుపు బయట పెడితే మన దురదృష్టం కూడా బయటే ఉంటుందని ఒక వెర్రి నమ్మకం.

దానికంటే ఘోరం కొలంబియాలో జరిగింది. 1994 ప్రపంచ కప్పులో ఎస్కోబార్ అనే ఆటగాడి కాలికి తగిలి బంతి సొంత గోల్‌లోకి పోయింది. పదిరోజులు తిరక్కుండానే, జూలై 2న, మెడెలిన్ నగరంలో అతన్ని కాల్చి చంపారు. ఎక్కడో పరాయి దేశంలో అని మనం నిట్టూర్చనక్కర్లేదు. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడుతుండగా అభిమానులు కొట్టుకున్నారు. తొక్కిసలాటలో పదహారుమంది పోయారు. ఆట చూడ్డానికి వెళ్ళిన బిడ్డలు. వాళ్ళ తల్లులకు ఏ జట్టు గెలిస్తే ఏం, ఏది ఓడితే ఏం?

వెంబ్లీలో ఓడిన ఆ ముగ్గురు పిల్లల్నీ ఒంటిరంగు పేరు పెట్టి నానా మాటలూ అన్నారు. మాంచెస్టరులో ఒక గోడమీద రాష్‌ఫర్డ్ బొమ్మ ఉంటే దానిమీద పిచ్చిరాతలు రాశారు. కాని తరవాత జరిగింది కూడా చెప్పాలి. ఆ ఊరివాళ్ళు వచ్చి, ఆ రాతలు కనపడకుండా, కాగితాలమీద ప్రేమగా నాలుగు మాటలు రాసి గోడంతా అంటించారు. చిన్నపిల్లలు కూడా రాశారు. సౌత్‌గేటూ తప్పుకోలేదు. పెనాల్టీ ఎవరు కొట్టాలన్నది తన నిర్ణయం, బాధ్యత తనది అన్నాడు. 1996లో జర్మనీ మీద వెంబ్లీలో పెనాల్టీ తప్పిన ఆటగాడు ఆయనే మరి! ఆ బాధ ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

‘మనం’ అనే మాటకు ధర ఉంది, అది ఓడిన రోజు చెల్లించాలి. ఆ కాగితాలు అంటించినవాళ్ళు ఆ ధర చెల్లించారు. గెలిచినప్పుడు చాప వేసి కూర్చోబెట్టిన మనిషిని ఓడినప్పుడు చాప లాగేసి లేవగొడితే, అసలు ఆ చాప మనం వేసిందే కాదు.

మన హైదరాబాదు సంగతి చూడండి. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయాడు. ఆ తరవాత ఆ వెలుగు కొంచెం కొంచెంగా తగ్గింది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అని కొత్త జట్టు పుట్టింది, 2022లో పెనాల్టీల మీద ఐ.ఎస్.ఎల్. కప్పు కూడా గెలిచింది. 2025లో చేతులు మారి ఢిల్లీకి తరలిపోయింది. ఇప్పుడు ఆ జట్టు గురించి ఈ ఊళ్ళో ఎవరు పోట్లాడుకుంటారు? తిట్టుకోవడానికైనా మనదంటూ ఒకటి ఉండాలి కదా.

కాబట్టి వాదించుకోండి, కాఫీలు చల్లారిపోనివ్వండి. ఒక్క షరతు మాత్రం పెట్టుకుందాం. కోచ్ చేసింది తప్పనిపిస్తే ఆట మొదలవక ముందే చెప్పండి. అప్పుడు మీ మాటకూ కాస్త ధైర్యం కావాలి, ఆయన నిర్ణయానికి కావలసి వచ్చినట్టే. ఆట అయ్యాక చెప్పేది ఓడిన వార్త అయితే, “మనం ఓడిపోయాం” అనండి. మొదట్లో నోరు తిరగదు. పిల్లవాడు పరీక్ష తప్పిన రోజున “మన కొడుకు” అని అలవాటు చేసుకుంటే, మైదానంలో దానంతట అదే వస్తుంది.