తవ్విన నేల మీద అడవి: మొలిచినది అదేనా?

న్యాయవైశేషికులు అభావాన్ని, అంటే లేమిని, కూడా ఒక పదార్థంగా అంగీకరించి దానిలో భేదాలు చెప్పారు. వస్తువు నశించిన తరువాత ఏర్పడే లేమికి ప్రధ్వంసాభావమని పేరు, దానికి మొదలు ఉంది గాని తుది లేదు. పగిలిన కుండకు బదులు కుమ్మరి మరొకటి చేయగలడు గాని పగిలినది మాత్రం ఎన్నటికీ రాదని ఆ సిద్ధాంతం. బొగ్గు కోసం తవ్వి, పూడ్చి, మొక్కలు నాటిన నేల గురించి 'అడవి తిరిగి వచ్చింది' అనే మాటను దీని పక్కన పెట్టి చూస్తే, కొలతల చిక్కుగా కనబడేది నిజానికి తాదాత్మ్యపు చిక్కు, అనగా 'ఇది అదేనా' అన్న ప్రశ్న, అని తేలుతుంది.

ఒడిశాలో గంజాం జిల్లాలోని భంజనగర్‌లో బొగ్గు లేదు, అయినా ఈ ప్రశ్నను అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.  ఈ చర్చకు పనికివచ్చేది దాని చుట్టుపక్కల ఘుముసర కొండల్లోని సాలవృక్షాల అడవి, తెలుగులో గుగ్గిలం చెట్టు అనేది ఈ సాలవృక్షాన్నే. ఉత్తరాన అంగుల్ జిల్లాలో నేల మీద ఇదే జాతి అడవి ఉంటే నేల కింద బొగ్గు ఉంది. అక్కడి నైనీ బ్లాకును 2015లో పొందిన సింగరేణి సంస్థ 2025 ఏప్రిల్‌లో తవ్వకం మొదలుపెట్టింది. గోదావరి లోయ దాటి తెలుగువారి బొగ్గు సంస్థ తీస్తున్న తొలి గని అది కనుక, ఈ ప్రశ్న తెలుగు పాఠకులకు పరాయిది కాదు.

ఓపెన్‌కాస్ట్ గనిలో ముందు చెట్లు, తరువాత పైమన్ను, ఆపైన బొగ్గును కప్పిన రాతిపొరలు తీసి గుట్టలుగా పోస్తారు. కార్మికులు ఓబీ అని పిలిచే ఆ గుట్టల మీదనే తరువాత మొక్కలు నాటుతారు. అవి ఎంత పుంజుకున్నాయో చూడటానికి వాడుకలో ఉన్న సాధనం ఉపగ్రహ చిత్రం. కోల్ ఇండియా గనుల్లో ఆ పని రాంచీలోని సీఎంపీడీఐ చేస్తుంది. పచ్చని ఆకు ఎరుపు కాంతిని మింగి, కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఈ రెండింటి భేదాన్ని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెను ఎన్‌డీవీఐ, అంటే వృక్షసాంద్రతా సూచిక, అంటారు. పరారుణంలో నూటికి 50, ఎరుపులో 5 పాళ్లు వెనక్కి వచ్చిన చోట సూచిక 0.8 దాటుతుంది, 25, 20 పాళ్లు వచ్చిన బోడి గుట్ట మీద అది 0.11 దగ్గర నిలుస్తుంది. ల్యాండ్‌శాట్ చిత్రంలో ఒక గడి 30 మీటర్ల చదరం, అంటే దాదాపు 22 సెంట్ల నేల; అందులో ఏమున్నా సూచిక చెప్పేది ఒకే అంకె.

ఆ అంకెకు తెలిసింది పచ్చదనమనే గుణం. ఆ గుణానికి ఆశ్రయమైన ద్రవ్యం దానికి తెలియదు. వరుసల్లో నాటిన జామాయిల్ తోటకూ, పొదలుగా కమ్మేసిన లాంటానాకూ, నూరేళ్ల గుగ్గిలం అడవికీ దగ్గరదగ్గరి విలువలే రావచ్చు. పైగా ఆకులు దట్టమైన కొద్దీ సూచిక పెరగడం మానేస్తుంది, అంటే అడవి అడవిగా మారే దశలోనే కొలత మూగబోతుంది.

పోలికను బట్టి 'ఇది అదే' అనుకునే భ్రమకు శాస్త్రకారులు ఇచ్చే ఉదాహరణ 'లూనపునర్జాత కేశం', కోసిన తరువాత మళ్లీ పెరిగిన జుట్టు. మొలిచినది పాత వెంట్రుక కాకపోయినా చూసేవారికి అదే జుట్టు. అయితే ఈ ఉదాహరణ ఒకదాన్ని ముందే ఒప్పుకుంటుంది: జుట్టు మారినా తల మారలేదు. కోందు గిరిజనుల పోడు వ్యవసాయం ఇటువంటిదే. చెట్టు కొట్టి కాల్చినా మోడూ వేరూ నేలలో ఉంటాయి, గుగ్గిలం మోడు నుంచి చిగుళ్లు బాగా వేస్తుంది, కొన్నేళ్లు బీడు వదిలితే అడవి లేస్తుంది. ఓపెన్‌కాస్ట్ గనిలో పోయేది తలే. వేళ్లు, వాటిని అంటిపెట్టుకునే శిలీంధ్రాలు, మన్నులో నిద్రపోయే గింజలు, అన్నీ తిరగబడి రాతి కిందికి పోతాయి. పోడును అడవికి శత్రువని తిట్టేవారు గని గుట్ట మీది పచ్చదనాన్ని మెచ్చుకోవడం తర్కానికి నిలవదు.

అలాగని నాటడం వ్యర్థం కాదు. దానికి తగిన పేరు ధర్మశాస్త్రంలో ఉంది: ప్రాయశ్చిత్తం. తెలియక చేసిన పాపాన్ని ప్రాయశ్చిత్తం పోగొడుతుందని, తెలిసి చేసినదానికి మాత్రం అది కర్తను 'వ్యవహార్యుని', అంటే నలుగురిలో మెలగదగినవానిని, మాత్రమే చేస్తుందని యాజ్ఞవల్క్య స్మృతి భేదం చూపింది. గని తవ్వకం తెలిసి చేసే పని. 2009లో కేంద్ర బొగ్గు శాఖ ఇచ్చిన గని మూసివేత మార్గదర్శకాలతో మొదలైన పద్ధతిలో సంస్థలు ఎస్క్రో ఖాతాలో సొమ్ము జమచేసి, పని జరిగిన కొద్దీ వెనక్కి తీసుకుంటాయి. ఉపగ్రహ సూచిక ఇవ్వగలిగిన ధ్రువపత్రం ఈ వ్యవహార్యతకే చెల్లుతుంది. దానిని పాపక్షయంగా చదవడమే దోషం.

మరి ఏది కొలవాలి? నాటినవి ఎన్ని బతికాయన్న లెక్క కంటే, నాటనివి ఎన్ని మొలిచాయన్న లెక్క నేల సంగతిని నిజంగా చెబుతుంది; మన్నులో సేంద్రియ కర్బనం, శిలీంధ్రాలు, పక్షులు తెచ్చిన గింజలు దీనికి సాక్ష్యాలు. నైనీలో గని ఇంకా కొత్తది కనుక, మిగిలిన అడవిలో చెట్టు చెట్టునూ, మన్ను పొర పొరనూ తవ్వకానికి ముందే నమోదు చేయాలి. ఘుముసర అడవి పోలికకు నిలుస్తుంది గాని పోయినదానికి బదులు సాక్ష్యం కాలేదు. గుట్ట మీద తేల్చవలసిన విషయం చాలా చిన్నది. తొలకరి వేళ గుగ్గిలం కాయ తన అయిదు రెక్కలతో గిరగిర తిరుగుతూ రాలుతుంది; దాని గింజకు మొలకెత్తే శక్తి నిలిచేది వారం పది రోజులే, ఆలోగా అది తడి మన్ను మీద పడాలి.