గోడతట్టు తిరిగిన రాజు

2 రాజులు 20వ అధ్యాయము చూడుడి. హిజ్కియాకు మరణకరమైన రోగము కలిగినప్పుడు యెషయా దానిని దాచలేదు. ఇల్లు చక్కబెట్టుకొమ్మని ఎదుటనే చెప్పెను. రాజు గోడతట్టు తిరిగి కన్నీళ్లు విడిచెను.

మన చిరాగ్‌పల్లి ప్రాంతపు ఇండ్లలో మేము చూచునది వేరు. జహీరాబాదు మీదుగా హైదరాబాదు వెళ్లి చూపించిన పిమ్మట, కేన్సరు ముదిరినది, ఇక నయము కాదని వైద్యుడు కొడుకునకు చెప్పును. తల్లి వంటింట ఏడ్చును. తండ్రితో మాత్రము కడుపులో పుండు అందురు. ఆయనకు తెలియదా? అందరి ముఖములలోను చదువుకొనుచునే యుండును. అయినను చేను సంగతి, చేబదుళ్ల సంగతి, చిన్నదాని పెండ్లి సంగతి విప్పి మాటలాడుటకు ఎవరును దొరకరు. ప్రేమచేతనే దాచితిమందురు. నిజమే, కాని ఆయన తన యింటనే ఒంటరి యగును. ఆయన అడిగినంత మట్టుకు చెప్పుడి, అడుగుటకు అవకాశమిండు.

హిజ్కియాకు 15 సంవత్సరములు కలిసివచ్చెను. అందరికి అట్లు రావు. రానివారి విశ్వాసము కొరవడినదని పలుకుట క్రూరము.

ఆ వాగ్దానము తెచ్చిన ప్రవక్తయే అంజూరపుపండ్ల ముద్ద పుండుమీద వేయించెను. కనుక నొప్పికి మార్ఫిను మాత్ర పుచ్చుకొనుట అపనమ్మకము కాదు. 2014లో చట్టము సవరింపబడి, ఆసుపత్రులు ఆ మందు ఉంచుటకు అడ్డంకులు తగ్గినవి. హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రిలో నయముకాని రోగుల నొప్పి చూచుటకే ఒక విభాగమున్నది. పరామర్శకు వెళ్లినవారు ప్రార్థన ముగించి లేచునప్పుడు, రాత్రికి మాత్ర ఉన్నదా అని అడిగి రండి.