ఎగువ మడి, దిగువ మడి



గోదావరి డెల్టాలో దాళ్వా కాలమున నీరు తక్కువైనప్పుడు కాలువలకు వంతులు పెట్టుదురు. అట్టి ఒక దాళ్వాలో మా సంఘములోని ఇద్దరు రైతులు ప్రభువు బల్లలో పాలు పొంది, వెలుపలికి రాగానే ఒకరినొకరు పలుకరించుకొనక వెళ్లిపోయిరి. ఒకరి చేను తూము ప్రక్కన, రెండవవారిది శివారున కలదు. ఎగువ మడిలో నీరు గట్టు దాటుచుండగా దిగువ మడి నెఱ్ఱెలు విచ్చినది. “నా వంతు నీరు నేను పెట్టుకొంటిని, ఇందులో తప్పేమున్నదండి?” అని ఎగువ రైతు మమ్మును అడిగెను. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి.

వరికి ఎల్లప్పుడును నిలువ నీరుండవలెనని మన పెద్దలు నమ్మిరి. నిలువ నీరు కలుపును అణచును గనుక అందులో తెలివి లేకపోలేదు. అయితే 1960లో ఫిలిప్పీన్స్ దేశమందు స్థాపింపబడిన అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు రైతులకు ఒక సులువైన పద్ధతి నేర్పుచున్నారు. సుమారు 30 సెంటీమీటర్ల గొట్టమునకు క్రింది సగమున రంధ్రములు చేసి, మడిలో పాతి, లోపలి మన్ను తీసివేయవలెను. నాటిన రెండు వారముల తరువాత, గొట్టములోని నీరు నేలకు 15 సెంటీమీటర్లు దిగువకు పోయినప్పుడే మరల 5 సెంటీమీటర్ల నీరు పెట్టవలెను. పూతకు వారము ముందునుండి వారము తరువాతి వరకు మాత్రము మడి ఆరనీయరాదు. కలుపు సకాలమున తీయించినయెడల, దిగుబడి తగ్గకుండ 30 శాతము వరకు నీరు మిగులును.

ఆ మిగిలిన నీరు ఎవరిది? దానితో ఎగువవాడే మరియొక ఎకరము ఊడ్చినచో అది పొదుపే, గాని పొరుగువానికి మేలు లేదు. సముద్రము దాపున నున్న శివారు నేలలలో మంచినీరు అందనియెడల ఉప్పు పైకి వచ్చును. అచ్చటి రైతు మడి ఆరబెట్టలేడు. ఆరబెట్టగలవాడు ఎగువవాడే.

యెహెజ్కేలు 34వ అధ్యాయమందు, తాము తేట నీరు త్రాగి మిగిలినదానిని కాళ్లతో కలచిన గొఱ్ఱెలను దేవుడు గద్దించెను. త్రాగినందుకు వాటిని తప్పుపట్టలేదు. వెనుక వచ్చు మందను తలంచనందుకే గద్దించెను.

ఎగువ రైతును పట్టియుంచినది దురాశ కాదు, రేపు కాలువ కట్టివేయుదురేమోనను భయము. కావున మేము అతనికి ఇప్పుడిట్లు చెప్పుచున్నాము: అయ్యా, వంతు మీదే. మీ పైరు త్రాగిన తరువాత మడవ కట్టి, బోదెను దిగువకు సాగనిండు. ఆ కబురు మీరే స్వయముగా శివారు సహోదరునికి చెప్పుడి. వచ్చే ఆదివారము పలుకరింపు అక్కడనే మొదలగును.