ఎవరూ గెలవలేని కోట, ఇప్పుడు ఎవరూ లేని కోట



ఈ వారం వీడియోలో జంజీరా కోట గురించి ఒక్క మాట అని వదిలేశాను. ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకుందాం.

మహారాష్ట్రలో, రాయగఢ్ జిల్లా మురుడ్ దగ్గర, అరేబియా సముద్రంలో ఒక చిన్న దీవి. దాన్ని చుట్టేసిన కోట. రాజపురి రేవు నుంచి పడవలో వెళ్లాలి. గోడలు దాదాపు 40 అడుగుల ఎత్తు. బాగా దగ్గరికెళ్తే గానీ సింహద్వారం కనబడదు! ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఏలిన కోట ఇది. శివాజీ మహారాజ్‌కీ లొంగలేదు, శంభాజీకీ లొంగలేదు. 1948లో ఆ సంస్థానం భారతదేశంలో కలిసింది. ఇప్పుడక్కడ ఎవరూ కాపురం ఉండరు. పైకప్పు లేని మహలు, పేలని ఫిరంగులు, అంతే.

నేను వెళ్లినప్పుడు మనసు బాలేదు. బాగా నమ్మిన ఫ్రెండ్ మోసం చేశాడు. ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వకూడదని ఫిక్స్ అయిపోయాను. మూడు వారాలు అమ్మ ఫోన్ కూడా ఎత్తలేదు. పడవలోంచి ఆ గోడలు చూసి, "మనిషంటే ఇలా ఉండాలి" అనుకున్నాను. లోపలికెళ్లాక ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. శత్రువు రాలేదు, సరే. మరి ఉన్నవాళ్లేరీ?

అక్కడే ఒక చెరువు కనబడింది. చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో మంచినీళ్లు! ముట్టడి రోజుల్లో గోడలు శత్రువుని ఆపాయి. కానీ లోపల ప్రాణాలు నిలిపింది ఆ నీళ్లే కదా?

గీత ఐదో అధ్యాయంలో కృష్ణుడు ఈ శరీరాన్ని తొమ్మిది ద్వారాల పురం అన్నాడు. అందులో దేహి సుఖంగా ఉంటాడన్నాడు. గోడలు గట్టిగా ఉన్నాయని కాదండీ, "నేనే చేస్తున్నాను" అనే బరువుని మనసుతో వదిలేశాడు కాబట్టి.

మోసపోతే జాగ్రత్త పడండి, తప్పులేదు. క్షమించడమంటే మళ్లీ గుడ్డిగా నమ్మడం కాదు. కానీ గోడ కట్టే తొందరలో లోపలి చెరువు పూడ్చేసుకోకండి.

ఒడ్డుకి రాగానే అమ్మకి ఫోన్ చేశాను. "తిన్నావా నాన్నా?" అంది. మూడు వారాల నిష్ఠూరం ఆ గొంతులో ఎక్కడా లేదు. మంచినీళ్లంటే అదే.

మీరు ఎత్తకుండా వదిలేసిన ఫోన్ ఎవరిది? ఈ రాత్రి ఒక్క కాల్ చేయండి. అదే ఇవాళ్టి పూజ.

శుభం.