ప్రదక్షిణల లెక్క, మైళ్ల జమ

షాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా హైదరాబాద్ రోడ్డెక్కితే, మర్రిచెట్ల నీడలో కాసేపు సాగాక మొయినాబాద్ వస్తుంది. అక్కడ పక్కదారి పట్టే బండ్లలో చాలావరకు చిలుకూరు బాలాజీ దగ్గరికే. ఉస్మాన్‌సాగర్ ఒడ్డునున్న ఈ గుడిలో హుండీ లేదు, దర్శనానికి టికెట్టు లేదు. ఉన్నదల్లా లెక్క. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, అది తీరాక 108. అంకెలు అచ్చేసిన చీటీ చేతపట్టుకుని, చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక అంకె కొట్టేసుకుంటూ జనం వడివడిగా నడుస్తుంటారు. వాళ్లలో పరదేశం పోవాలనుకునేవాళ్లు ఎక్కువ కావడంతో స్వామికి వీసా బాలాజీ అన్న పేరు స్థిరపడిపోయింది. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పాతకాల్లో చేర్చింది. ఇప్పుడు సముద్రం దాటించమని దేవుణ్నే అడుగుతున్నారు. దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు లేదు.

చుట్లకు లెక్క కట్టేవాళ్లు గుడి బయటా ఉన్నారు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రయాణికులకు మైళ్లు జమకట్టే పథకం పెట్టింది. మిగతా సంస్థలూ అదే బాట పట్టాయి. ఆ మైళ్లు పోగేసేవాళ్లకు పెద్ద పండగలాంటిది భూమిని చుట్టివచ్చే టికెట్టు. స్టార్ అలయన్స్, వన్‌వరల్డ్ లాంటి కూటములు దీన్ని అమ్ముతాయి. నియమాలు వ్రతవిధానంలాగే కచ్చితంగా ఉంటాయి: తూర్పుకో పడమరకో ఒకే దిక్కుగా సాగాలి, అట్లాంటిక్, పసిఫిక్ రెండూ దాటాలి, బయల్దేరిన దేశానికే తిరిగి చేరాలి, విమానాలు 16కి మించకూడదు, అంతా ఏడాదిలోపు ముగియాలి.

డాలస్‌లో ఉన్న కొడుకును చూసి తిరిగొచ్చే తల్లిదండ్రులకు ఇది దండగ. మామూలు రానుపోను టికెట్టే చౌక. కానీ కూతురు సిడ్నీలో, కొడుకు డాలస్‌లో ఉన్నారనుకుందాం. హైదరాబాద్ నుంచి హాంకాంగ్, అక్కణ్నుంచి సిడ్నీ, సిడ్నీ నుంచి నేరుగా డాలస్, డాలస్ నుంచి లండన్, లండన్ నుంచి మళ్లీ హైదరాబాద్. కేథే పసిఫిక్, క్వాంటస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ అన్నీ వన్‌వరల్డ్‌వే కాబట్టి ఒక్క టికెట్టు మీద చుట్టు పూర్తవుతుంది. వన్‌వరల్డ్ ఎక్స్‌ప్లోరర్ ధర దూరాన్ని బట్టి కాదు, తొక్కిన ఖండాల సంఖ్యను బట్టి. అంటే ఆసియాలోనో యూరప్‌లోనో మరో ఊరు కలిపినా అసలు ధర మారదు, పన్నులు మాత్రం పెరుగుతాయి. ఇదే చుట్టును వేరే దేశం నుంచి మొదలుపెడితే ధర మారిపోతుంది. అందుకే ఆరితేరినవాళ్లు ఎక్కడికి పోవాలో కంటే ఎక్కడ మొదలుపెట్టాలో ముందు చూస్తారు.

మైళ్ల సంగతి ఇంకా చిత్రం. ఎకానమీ అంటే ఒకటే తరగతి అనుకుంటాం. అందులో ధరను బట్టి బోలెడన్ని అక్షరాలుంటాయి. పక్కపక్క సీట్లలో కూర్చుని, ఒకే పులిహోర డబ్బా పంచుకుని తిన్న ఇద్దరిలో ఒకరికి దూరమంతా జమ అవుతుంది, ఇంకొకరికి పావువంతే. టికెట్టు మీది అక్షరం వేరు, అంతే. ఒకే విమానానికి ఒక సంస్థ ఖాతాలో వేయిస్తే పూర్తి మైళ్లు, దాని భాగస్వామి ఖాతాలో వేయిస్తే సగం. కొన్ని సంస్థలైతే దూరాన్ని వదిలేసి, పెట్టిన డబ్బును బట్టే జమకడుతున్నాయి.

ఇక్కడే పాత ప్రశ్న ఒకటి తలెత్తుతుంది. చేసిన పని ఆ క్షణంలోనే ముగిసిపోతుంది. ఫలం ఎప్పుడో వస్తుంది. ఈ రెంటి మధ్యకాలంలో ఆ పని ఎక్కడ ఉంటుంది? యజ్ఞం గురించి మీమాంసకులు అడిగిన ప్రశ్న ఇది. వాళ్లు ఇచ్చిన జవాబు పేరు అపూర్వం: కర్మ వల్ల పుట్టి, కంటికి కనబడకుండా నిలిచి, సమయం వచ్చినప్పుడు ఫలాన్నిచ్చే శక్తి. విధి ప్రకారం చేస్తే చాలు, ఫలం దానంతటదే వస్తుంది, మధ్యలో ఈశ్వరుడి అవసరం లేదన్నారు. విమాన సంస్థ కంప్యూటర్ ఏ మీమాంసకుడికైనా నచ్చుతుంది.

వేదాంతి బాదరాయణుడు దీనికి ఒప్పుకోలేదు. కర్మ జడం, దానికి ఇవ్వడం తెలియదు, ఫలమిచ్చేది ఈశ్వరుడే అని బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయంలో తేల్చాడు. మైళ్ల విషయంలో వేదాంతిదే గెలుపని చెప్పాలి. పథకం షరతులు చదివితే, మైళ్లు ప్రయాణికుడి ఆస్తి కావనీ, విలువను సంస్థ ఎప్పుడైనా మార్చవచ్చనీ ఉంటుంది. నిన్న బిజినెస్ క్లాసుకు సరిపోయిన జమ ఇవాళ చాలదు. కొన్ని పథకాల్లో వాడకపోతే గడువు తీరి మాయమైపోతుంది కూడా. పుణ్యం తరిగాక స్వర్గవాసులు మళ్లీ భూమ్మీదికి రావలసిందేనని గీత తొమ్మిదో అధ్యాయం చెప్పేది విన్నవాళ్లకు ఇది కొత్త కాదు.

మరి చిలుకూరు నడక కూడా ఈ బేరమేనా? 11 చుట్లు తిరిగితే వీసా అని చూస్తే బేరమే, దాచిపెట్టేదేం లేదు. కానీ ఆ 108 లెక్కకు లొంగదు. మైళ్లలో ముందు ప్రయాణం, తర్వాత ఫలం. ఇక్కడ పెద్ద నడక ఫలం చేతికొచ్చాక. వీసా ముద్ర పడిపోయాక మొక్కు తీర్చలేదని ఎవరూ వెనక్కి తీసుకోరు, ఎగ్గొట్టినా అడిగే గుమాస్తా లేడు. అయినా వస్తారు. ఆ నడకను కూలి అనడం కష్టం.

వినాయక వ్రతకథలోనూ ఇలాంటి మెలికే ఉంది. విఘ్నాధిపత్యం ఎవరిదన్న పోటీలో కుమారస్వామి నెమలినెక్కి మూడు కోట్ల యాభై లక్షల నదుల్లో మునగడానికి వెళ్తే, ప్రతిచోటా అన్న వినాయకుడు తనకంటే ముందే స్నానం చేసి తిరిగొస్తూ కనిపిస్తాడు. అన్న చేసిందల్లా తల్లిదండ్రుల చుట్టూ మూడు ప్రదక్షిణలు. దూరాన్ని బట్టి మైళ్లిచ్చే పద్ధతైతే గెలుపు తమ్ముడిదే. కానీ విఘ్నాధిపత్యం అన్నకే దక్కింది, ఇచ్చింది తండ్రి గనక.

చిలుకూరు మొక్కు తీర్చుకోవడానికి డాలస్ నుంచి సెలవుపెట్టి వచ్చేవాళ్లున్నారు. ఆ రానుపోను టికెట్టుకూ అక్షరాన్ని బట్టి మైళ్లు పడతాయి. మొక్కు నడకకు వచ్చినందుకు పడ్డ ఆ మైళ్లతో తర్వాతి ఏడాది ఉచితంగా వస్తే, ఆ ప్రయాణం ఎవరిచ్చినట్టో అడిగిచూడాలి. మీమాంసకుడూ వేదాంతీ మళ్లీ మొదటికొస్తారు.